ఇంటి ప్లాన్ చదవడం నేర్చుకుందాం – 4: గ్రీన్ స్ట్రిప్, టాట్‌లాట్, బఫర్

పోయిన పాఠంలో సెట్‌బ్యాక్ (ప్లాటు హద్దుకీ బిల్డింగ్‌కీ మధ్య వదలాల్సిన ఖాళీ) టేబుల్ చూశాం. ప్లాటు సైజు, బిల్డింగ్ ఎత్తు, రోడ్డు వెడల్పు బట్టి ఎటువైపు ఎంత వదలాలో లెక్క వేయడం ఈపాటికి వచ్చేసి ఉంటుంది. ఇప్పుడు వదిలిన ఆ జాగాలో పచ్చదనం ఎంత ఉండాలో చూద్దాం. మన ఆధారం 2012 ఏప్రిల్ 7న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చి, తర్వాత తెలంగాణలో కొనసాగిన జీవో 168, ఆ తర్వాత వచ్చిన సవరణలు కూడా పక్కన పెట్టుకోండి. ఆంధ్రప్రదేశ్‌కి 2017 నాటి జీవో 119 వేరే ఉంది, అక్కడివాళ్లు అంకెలు అందులోంచి తీసుకోవాలి.

చదివేటప్పుడు ప్రతి అంకె పక్కన పెన్సిల్‌తో ఒక ప్రశ్న రాసుకోండి: ఇది సెట్‌బ్యాక్ లోపలిదా, సెట్‌బ్యాక్‌కి అదనమా? బిల్డర్లతో, టౌన్ ప్లానింగ్ వాళ్లతో వచ్చే పేచీల్లో చాలావరకు ఇక్కడే మొదలవుతాయి.

గ్రీన్ స్ట్రిప్ లోపలిది. రోడ్డు వైపు, ముందు సెట్‌బ్యాక్‌లోనే కనీసం 1 మీటరు వెడల్పున మొక్కలో, లానో పెంచాలి. ప్లాటు 300 చదరపు మీటర్లు, అంటే దాదాపు 359 గజాలు దాటితే మిగతా మూడు వైపులా కూడా సరిహద్దు వెంట తెగకుండా 1 మీటరు పట్టీ ఉండాలి. హైరైజ్ (బాగా ఎత్తైన, ఎక్కువ అంతస్తుల బిల్డింగ్) అయితే చుట్టూ 2 మీటర్లు.

టాట్‌లాట్, అంటే పిల్లల ఆటలకీ పచ్చదనానికీ విడిచే ఖాళీ జాగా, అదనం. ప్లాటు 750 చదరపు మీటర్లు (సుమారు 897 గజాలు), ఆపైన ఉంటే సైట్‌లో 5 శాతం, హైరైజ్‌కి కనీసం 10 శాతం, సెట్‌బ్యాక్‌లు పోగా విడిగా వదలాలి. 5 శాతాన్ని ఒకేచోట ఇవ్వక్కర్లేదు, ముక్కలు చేసుకోవచ్చు, కాకపోతే ఏ ముక్కా 3 మీటర్ల కంటే సన్నగా, 15 చదరపు మీటర్ల కంటే చిన్నగా ఉండకూడదు.

ఒక ప్లాటు తీసుకుందాం. ముందు 20 మీటర్లు, లోతు 42, మొత్తం 840 చదరపు మీటర్లు, వెయ్యి గజాల పైచిలుకు. చుట్టూ 1 మీటరు పట్టీ తీసేస్తే లోపల 18 × 40 = 720 మిగులుతుంది, కాబట్టి పట్టీ 120, అందులోంచి గేటు జాగా పోతుంది. టాట్‌లాట్ 5 శాతం అంటే 42. డ్రాయింగ్‌లో 2.5 × 17 అని చూపించి "సార్, 42.5 ఇచ్చాం కదా" అంటే కుదరదు, వెడల్పు చాలలేదు. 3 × 4 చొప్పున నాలుగు ముక్కలు వేస్తే మొత్తం 48 వస్తుంది గానీ ఒక్కోటి 12 మాత్రమే, అదీ చెల్లదు. 3 × 5, 3 × 9 అని రెండు వేస్తే 15 + 27, సరిగ్గా సరిపోయింది. అయితే ఆ రెండూ సెట్‌బ్యాక్ గీతకి లోపలి పక్కన ఉన్నాయా లేదా అన్నది స్కేలు పెట్టి చూడండి, ఎందుకంటే వెనకాల సెట్‌బ్యాక్‌నే ఆకుపచ్చ రంగు కొట్టి టాట్‌లాట్ అనేయడం మన దగ్గర బాగా అలవాటైన పని.

ఇక బఫర్, అంటే చెరువు, నాలా, నది పక్కన ఏమీ కట్టకుండా వదలాల్సిన జాగా. 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే హైదరాబాద్ సంస్థ హైడ్రా వచ్చాక ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు చేరే హద్దు) అన్న మాట టీ కొట్టు దగ్గర కూడా వినపడుతోంది గానీ అంకెలు 2012 నుంచీ ఈ జీవోలో ఉన్నవే. చెరువు 10 హెక్టార్లు, ఆపైన ఉంటే ఎఫ్‌టీఎల్ హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువులకి, కుంటలకి 9 మీటర్లు. వాగు, నాలా వెడల్పు 10 మీటర్లు దాటితే 9, లేకపోతే 2. నదికైతే మున్సిపల్ హద్దుల లోపల 50, బయట 100. ఇక్కడ మన పెన్సిల్ ప్రశ్నకి జవాబు కాస్త తిరకాసుగా ఉంటుంది: చెరువు, నాలాల కోసం వదిలిన బఫర్‌ని టాట్‌లాట్‌లో కలుపుకోవచ్చు, సెట్‌బ్యాక్ కింద మాత్రం లెక్కపెట్టకూడదు. అంటే వెనక సెట్‌బ్యాక్‌ని బఫర్ అయిపోయిన చోటి నుంచి కొలవాలి.

మొక్కల సంగతి ఒక ముక్క. మీటరు పట్టీలో రావి, మర్రి పెడితే నాలుగేళ్లలో కాంపౌండ్ వాల్ సంగతి మీరే చూస్తారు. నందివర్ధనం, గన్నేరు, పారిజాతం సరిపోతాయి. కోనోకార్పస్ జోలికి పోవద్దు, తెలంగాణ ప్రభుత్వమే నాటొద్దంది.

ప్లాన్ పాసయ్యాక పట్టీ మీద పార్కింగ్ టైల్స్ పరిచేస్తే ఎవరు చూస్తారులే అనుకునేవాళ్లకి: పచ్చదనం నిలబెట్టకపోతే, సరిచేసేదాకా ఏటా ఆస్తిపన్ను మీద 10 శాతం అదనంగా వేయొచ్చని రూల్ ఉంది. ఫ్లాట్ కొనేవాళ్లు సైట్‌కి వెళ్లినప్పుడు శాంక్షన్ ప్లాన్ కాపీ చేత్తో పట్టుకుని ఆ పట్టీ వెంట ఒక చుట్టు నడవండి. ట్రాన్స్‌ఫార్మర్, జనరేటర్, వాచ్‌మన్ గది ఎక్కడ పెట్టారో ఇట్టే తెలిసిపోతుంది.

మీకు హోంవర్క్: ముందు 30 మీటర్లు, లోతు 40 మీటర్ల ప్లాటు, హైరైజ్ కాదు. వెనక హద్దును ఆనుకుని 12 మీటర్ల వెడల్పు నాలా. బఫర్ ఎంత, టాట్‌లాట్ ఎంత, బఫర్ కలుపుకుంటే టాట్‌లాట్ విడిగా వదలాలా, వెనక సెట్‌బ్యాక్ టేప్ ఎక్కడి నుంచి పట్టాలి? గ్రాఫ్ కాగితం మీద గీసి చూడండి. జవాబు, ర్యాంపులు, పార్కింగ్ లెక్కా అయిదో పాఠంలో.