సీఆర్ఆర్, ఎస్ఎల్ఆర్ తికమకకు చింతగింజలు

ఎంఏ ఎకనామిక్స్‌లో ద్రవ్యం, బ్యాంకింగ్ పేపర్ అంటే నాకు ఒకటే తలనొప్పి. డిపాజిట్లలో బ్యాంకు తప్పనిసరిగా పక్కన పెట్టాల్సిన వాటాలు రెండు: సీఆర్ఆర్ (నగదు నిల్వల నిష్పత్తి), ఎస్ఎల్ఆర్ (చట్టబద్ధ ద్రవ్యత్వ నిష్పత్తి). వీటిలో సీఆర్ఆర్ ఎక్కడ ఉంటుంది, ఎస్ఎల్ఆర్ ఎక్కడ ఉంటుంది? ఎంత బట్టీ పట్టినా పరీక్ష హాల్లో తారుమారయ్యేది. హనుమకొండలో మా రూంలో పులుసుకని తెచ్చిన చింతపండు నుంచి తీసిన గింజలు ఓ డబ్బాలో పడి ఉండేవి. చివరికి వాటితోనే దారికొచ్చింది.

100 గింజలు లెక్కపెట్టండి. అది బ్యాంకులో పడ్డ డిపాజిట్. అందులో 3 తీసి చిన్న డబ్బాలో వేసి, మూత బిగించి, గదిలో అవతలి మూలన పెట్టండి. అది సీఆర్ఆర్: రిజర్వ్ బ్యాంకు దగ్గర ఉండే సొమ్ము, వడ్డీ రాదు. ఇంకో 18 తీసి మీ పక్కనే మూతలేని గిన్నెలో పోయండి. అది ఎస్ఎల్ఆర్: బ్యాంకు చేతిలోనే, ఎక్కువగా ప్రభుత్వ బాండ్ల రూపంలో ఉంటుంది, వడ్డీ వస్తుంది. మిగిలిన 79 అప్పులివ్వడానికి. లేచి వెళ్లి ఆ మూల డబ్బాలో ఇంకొక్క గింజ వేసి రండి, అప్పుకి 78 అవుతాయి. సీఆర్ఆర్ పెంచితే ఏమవుతుందన్న ప్రశ్నకు జవాబు అదే.

2025 మొదట్లో సీఆర్ఆర్ 4 శాతం, ఏడాది చివరికి 3 అయింది. కాబట్టి పరీక్షకు ముందు రోజు రేట్లు చూసుకోండి.

ద్రవ్య గుణకం, అంటే అప్పుగా ఇచ్చింది మళ్లీ డిపాజిట్‌గా వస్తూ మొత్తం ఎన్ని రెట్లవుతుందన్న లెక్కకు మాత్రం ఇది పనికిరాదు. రెండో రౌండులో డిపాజిట్‌గా తిరిగొచ్చిన 79కి 3 శాతం అంటే 2.37, గింజను కోయలేం కదా! దానికి కాగితమే.