పాత పికప్‌తో పుల్లింగ్ బరిలోకి – 3వ పాఠం: హిచ్, బరువు

పుల్లింగ్ అంటే బరువులు మోసే స్లెడ్ అనే బండిని మన బండికి తగిలించి ఎవరు ఎక్కువ దూరం లాగుతారో చూసే పోటీ. మొదటి పాఠంలో బండి ఎంచుకున్నాం, రెండోదాంట్లో ఫ్రేమ్ (బండి కింది ఇనప చట్రం) తుప్పు గీకి చూశాం. ఇంజన్ ఎప్పుడు విప్పుతామా అని ఆత్రపడేవాళ్లు ఇంకో రెండు పాఠాలు ఓపిక పట్టాలి. అమెరికాలో ఒహాయో, ఇండియానా కౌంటీ ఫెయిర్లలో (జిల్లా తిరునాళ్లలో) పెట్టే స్ట్రీట్ క్లాస్‌కి, అంటే రోడ్డు మీద తిరిగే బండ్ల విభాగానికి, మొదటిసారి వచ్చే పాత బండికి కావలసింది ఇంకో 50 గుర్రాల శక్తి కాదు. ఉన్న శక్తిని నేలకు దించే మార్గం కావాలి. అది హిచ్‌తో, అంటే బండి వెనక స్లెడ్‌ని తగిలించే ఇనప అమరికతో మొదలవుతుంది.

ముందు స్లెడ్ సంగతి. ఒంగోలు, గుంటూరు వైపు ఎడ్ల బండలాగుడు చూసినవాళ్లకు ఈ పోటీ సగం తెలిసినట్టే. అయితే అక్కడ బండ బరువు మొదటి నుంచి చివరిదాకా మారదు. ఇక్కడ స్లెడ్ మీద బరువుల పెట్టె మొదట్లో వెనక చక్రాల మీద కూర్చుని ఉంటుంది. ఆ చక్రాలు తిరిగేకొద్దీ గేర్లూ గొలుసులూ కలిసి పెట్టెను ముందుకు జరుపుతాయి. ముందు భాగానికి చక్రాలుండవు. మట్టిని ఒరుసుకుంటూ పోయే వెడల్పాటి ఇనప పలక ఉంటుంది. పెట్టె దాని మీదికి వచ్చేకొద్దీ స్లెడ్ నేలకు కరుచుకుపోతుంది. 300 అడుగులు దాటిస్తే ‘ఫుల్ పుల్’. ఇద్దరు ముగ్గురు దాటిస్తే వాళ్ల మధ్య మళ్లీ పోటీ. మొదటి 100 అడుగులు ఎవరైనా ఉరికిస్తారు. మీ అమరిక ఎలాంటిదో బయటపడేది చివరి 100లోనే.

హిచ్ దేనికి బిగించాలి

బంపర్‌కి మాత్రం వద్దు. ఎంత మందం బంపరైనా, ఏ బోల్టుతో బిగించినా వద్దు. లాగుడు ఫ్రేమ్ రెండు పట్టాలకూ సమానంగా పోవాలి. కాబట్టి ఒక్కో పట్టాకు ఒక్కో మందపాటి స్టీలు ప్లేటు, రెండింటినీ కలుపుతూ ఒక అడ్డదూలం, దాని మధ్యలోంచి హిచ్. కొన్ని క్లాసుల్లో మామూలు రిసీవర్ హిచ్‌ని (ట్రైలర్ లాగడానికి పెట్టే చదరపు గొట్టం హిచ్‌ని) ఒప్పుకుంటారు. అప్పుడు కూడా అది ఫ్రేమ్‌కి ఎలా పట్టి ఉందో కింద దూరి చూడండి. బోల్టు కన్నాల చుట్టూ తుప్పు పొరలు లేస్తుంటే ఆ ముక్కకు కొత్త స్టీలు పడాల్సిందే.

బోల్టుల దగ్గర కక్కుర్తి పడొద్దు. అమెరికా కొలతల బోల్టు తల మీద గీతలుంటాయి. మూడు గీతలుంటే గ్రేడ్ 5, ఆరుంటే గ్రేడ్ 8. హిచ్‌కి ఆరు గీతలవే వాడండి. గీతలేవీ లేని బోల్టు డబ్బాలో దొరికితే దాన్ని కంచె గేటుకి వాడుకోండి. నట్టు బిగించాక పెయింట్ మార్కర్‌తో నట్టు మీదా ప్లేటు మీదా కలిసేలా ఒక గీత గీయండి. ప్రతి పుల్ తర్వాత గీత తెగిందా అని చూస్తే చాలు, నట్టు కదిలిందో లేదో తెలిసిపోతుంది.

హిచ్ ఎటువైపూ కదలకూడదు. పైకీ కిందికీ మడత పడే ఏర్పాటును తనిఖీలో తిప్పి పంపేస్తారు. స్లెడ్ కొక్కెం దూరే కన్నం చాలాచోట్ల 3 అంగుళాలకు తగ్గకూడదంటారు. కన్నం ఇరుకైతే కొక్కెం పట్టేసి పక్కకు మెలితిరుగుతుంది. గొలుసు బిగిసి ఉన్నప్పుడు విరిగిన ఇనప ముక్క తుపాకీ గుండుకు తీసిపోదు. హిచ్ వెల్డింగ్ పని మాత్రం చేయి తిరిగినవాళ్లకే ఇవ్వండి.

ఎత్తు: 26 అంగుళాల లెక్క

స్టాక్ తరహా (పెద్దగా మార్పులు చేయని బండ్ల) క్లాసుల్లో హిచ్ ఎత్తుకు తరచుగా కనిపించే పరిమితి 26 అంగుళాలు. మీ ఫెయిర్ రూల్స్ కాగితంలో ఏముందో అదే మీకు వేదం. ఇరుసు నుంచి హిచ్ ఎంత దూరంలో ఉండాలో కూడా అందులోనే రాసి ఉంటుంది.

ఎత్తు ఎక్కువైతే బండికి బలం అని అందరూ అంటారు. ఎందుకో లెక్క వేద్దాం. మన నమూనా బండి 1978 షెవర్లే కె20, పొడవు బెడ్‌ది (వెనక సామాను తొట్టి పొడవైనది), నాలుగు చక్రాలూ లాగేది. ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య 131.5 అంగుళాలు. బండి 4,000 పౌండ్ల బలంతో లాగుతోందనుకోండి. 4,000ని 26తో గుణించి 131.5తో భాగిస్తే సుమారు 790. అంటే ముందు ఇరుసు మీద నుంచి 790 పౌండ్లు వెనక ఇరుసు మీదికి పోయాయి.

వెనక చక్రాలు మాత్రమే లాగే బండికి ఇది పండగే. మన బండికి మాత్రం ఇది ఒక జేబులోంచి తీసి ఇంకో జేబులో పెట్టుకోవడం. ముందు చక్రాలు కూడా లాగుతున్నాయి కదా, అక్కడ తగ్గిందే ఇక్కడ పెరిగింది. నాలుగు చక్రాల బండికి ఎత్తు వల్ల వచ్చే అసలు లాభం గొలుసు వాలులో ఉంది. హిచ్ కన్నా స్లెడ్ వైపు కొస కిందికి ఉంటే గొలుసు బండిని వెనక్కే కాదు, కిందికి కూడా గుంజుతుంది. 5 డిగ్రీల వాలులో, అదే 4,000 పౌండ్ల లాగుడుకి, సుమారు 350 పౌండ్లు హిచ్ మీద కిందికి పడతాయి. ఈ బరువు కాటా మీద కనపడదు, రూల్స్‌లో లెక్కకు రాదు. ఊరికే వచ్చిన బరువు! పైగా ఆ మేరకు స్లెడ్ ముందు భాగం తేలికవుతుంది.

దీనికి చెల్లించే ధర కూడా ఉంది. హిచ్ వెనక ఇరుసుకు 44 అంగుళాలు వెనకగా ఉంటే ఆ 350 పౌండ్లు ముందు ఇరుసు నుంచి ఇంకో 117 పౌండ్లు లేపేస్తాయి. ముందు టైర్లు గాల్లో తేలితే స్టీరింగ్ పోతుంది, ముందు చక్రాల లాగుడూ పోతుంది.

కొలిచేటప్పుడు బండి చదునైన కాంక్రీటు మీద ఉండాలి. బరువులన్నీ ఎక్కించి, పోటీ రోజు పెట్టే గాలే టైర్లలో పెట్టి, కొక్కెం ఆనే చోటుకు టేపు పట్టండి. ముందు రోజు 26 ఉండి, పోటీ రోజు గాలి ఎక్కువ కొట్టినందుకు పావు అంగుళం పైకి లేస్తే తనిఖీ టేపు దగ్గర వాదనలు పనిచేయవు.

బరువు ఎక్కడ పెట్టాలి

క్లాస్ పరిమితి 6,000 పౌండ్లనుకుందాం, అంటే సుమారు 2,720 కిలోలు. అందులో మీరూ, పెట్రోలూ లెక్కే. పెట్రోల్ గాలన్‌కి సుమారు 6 పౌండ్లు కాబట్టి 20 గాలన్ల ట్యాంకు నిండా ఉంటే 120 పౌండ్లు. ట్యాంకు వెనక ఇరుసు దగ్గరుంటే ఆ బరువు మనకు అక్కర్లేని చోట ఉన్నట్టు. కాస్త పెట్రోలే ఉంచుకుని, మిగతాది ముందు ఇనుముగా మార్చుకోండి.

నేను మొదలుపెట్టమనేది ముందు 3,600, వెనక 2,400. పైన చెప్పిన లాగుడులో ఇది ముందు దాదాపు 2,700, వెనక 3,650కి మారుతుంది. ముందు టైర్లకు ఇంకా పని ఉంటుంది. ముందు కట్టడానికి ట్రాక్టర్లకు తగిలించే సూట్‌కేస్ బరువులు వాడతారు, ఒక్కోటి సుమారు 100 పౌండ్లు. ముందు ఇరుసుకు 30 అంగుళాలు ముందుగా ఒకటి తగిలిస్తే ముందు ఇరుసు మీద 123 పడుతుంది, వెనక నుంచి 23 తగ్గుతుంది. ఎంత దూరం ముందుకు పెట్టొచ్చో రూల్స్ చెబుతాయి. అన్నిటినీ గుచ్చి ఒక కడ్డీ దూర్చి రెండు కొసలా నట్లు బిగించండి. తాడుతో కట్టడాలు, బెడ్‌లో ఇసుక మూటలు వేయడాలు పెట్టుకోవద్దు.

వెనక కుంగితే

పాత కమాన్ కట్టలు (లీఫ్ స్ప్రింగులు) మెత్తబడి ఉంటాయి. లాగుడులో వెనక రెండు అంగుళాలు కుంగితే మీరు కష్టపడి కొలిచిన 26 కాస్తా 24 అయిపోతుంది. అంతకన్నా చెడ్డది ఇరుసు మెలితిరగడం. కమాన్ కట్ట పాములా వంగి, ఒక్కసారిగా వదిలి, మళ్లీ వంగుతుంది. బయటికి అది టైర్లు దడదడా ఎగరడంలా కనిపిస్తుంది. ప్రొపెల్లర్ షాఫ్ట్ (ఇంజన్ శక్తిని ఇరుసుకు చేర్చే కడ్డీ) కీళ్లలోని క్రాస్‌లు తెగేది సరిగ్గా అప్పుడే. ఎగరడం మొదలైతే యాక్సిలరేటర్ వదిలేయండి, ఆ పుల్ పోయిందనుకోండి. క్లాస్ ఒప్పుకుంటే ఫ్రేమ్‌కీ ఇరుసుకీ మధ్య స్టీలు దిమ్మలు పెట్టొచ్చు. లేదంటే ఇరుసు నుంచి ఫ్రేమ్‌కి ట్రాక్షన్ బార్లు, అంటే ఇరుసు మెలితిరగకుండా పట్టే కడ్డీలు. డబ్బు ఒక్కదానికే సరిపోతే నా ఓటు బార్లకే.

ఈ వారం పని

హైవే ట్రక్ స్టాప్‌లో క్యాట్ స్కేల్ (లారీల కాటా) ఉంటే అక్కడికి వెళ్లండి. ఇరుసు ఇరుసుకూ వేరుగా బరువు చూపిస్తుంది. ముందు చక్రాలు ఒక పలక మీద, వెనకవి ఇంకో పలక మీద ఉండేలా ఆపి, మీరు సీట్లోనే కూర్చుని తూకం వేయించండి. ఆ చీటీ మీదే నాలుగు సంగతులు రాయండి: హిచ్ ఎత్తు, వెనక ఇరుసు నుంచి హిచ్ దూరం, ఇరుసుల మధ్య దూరం, టైర్లలో గాలి. వచ్చే పాఠంలో టైర్లు, గేర్లు చూస్తాం. ఆ చీటీ పక్కన ఉంటేనే అందులో లెక్కలు మీ బండికి కుదురుతాయి.