"మీరు సాధించిన అతిపెద్ద విజయం ఏమిటి?": ఇంటర్వ్యూలో ఈ సమాధానం ఎక్కడ దెబ్బతింటుంది, ఎలా సరిచేసుకోవాలి

కళాశాల ప్రాంగణ నియామకాల్లోని హెచ్ఆర్ రౌండ్ మొదలుకొని బ్యాంకు పీవో ఇంటర్వ్యూ వరకు ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో ఎదురవుతుంది. మార్కులు, పతకాలు దరఖాస్తులోనే ఉంటాయి కనుక, ఒక కష్టమైన పని మీ మీద పడినప్పుడు ఎలా ఆలోచించారు, ఏం చేశారు అన్నది తెలుసుకోవడానికే దీన్ని అడుగుతారు. సమాధానం విఫలమైన ప్రతిసారీ దానికి వెతికి పట్టుకోదగ్గ కారణం ఉంటుంది.

సమస్య: "చెప్పుకోదగ్గవేమీ లేవండి" అన్న మాటే నోటికి వస్తుంది

కారణం: విజయమంటే ర్యాంకో, బంగారు పతకమో అన్న అభిప్రాయం బడి రోజుల నుంచే మనలో నాటుకుపోయి ఉంటుంది.

పరిష్కారం: గత మూడు నాలుగేళ్లలో మీరు పూనుకోకపోతే జరగకుండా ఆగిపోయేవి అనిపించే పనులన్నీ ఒక కాగితం మీద రాయండి. ఇంటి కిరాణా కొట్టులో అరువు ఖాతాలను దారిలో పెట్టడం, ఎన్ఎస్ఎస్ ప్రత్యేక శిబిరం జరిగిన ఏడు రోజులూ వంట సరుకుల బాధ్యత మోయడం వంటివి అందులోకి వస్తాయి. వాటిలో మీరు కోరుతున్న ఉద్యోగానికి దగ్గరగా ఉన్నదాన్ని ఎంచుకోండి. అకౌంట్స్ ఉద్యోగానికి వెళ్లినవారికి క్రికెట్ కప్పు కన్నా అరువు ఖాతాల సంగతే ఎక్కువ అక్కరకొస్తుంది.

సమస్య: ఒక్క వాక్యంతో సమాధానం అయిపోతుంది, అడిగినవారు తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోతారు

కారణం: "ఎంసెట్‌లో మంచి ర్యాంకు వచ్చింది", "మా ప్రాజెక్టుకు మొదటి బహుమతి వచ్చింది" అన్నప్పుడు ఫలితం మాత్రమే వినిపిస్తుంది, దాని వెనక ఉన్న పని వినిపించదు.

పరిష్కారం: నియామక నిపుణులు స్టార్ పద్ధతి అని పిలిచే వరస ఇక్కడ బాగా పనిచేస్తుంది: సందర్భం, బాధ్యత, చర్య, ఫలితం. చాలామంది సందర్భం దగ్గరే సమయమంతా గడిపేస్తారు కానీ, సమాధానంలో సగానికి పైగా చర్యకే కేటాయించాలి. హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదివిన ఒక అమ్మాయి సమాధానం ఇలా ఉందనుకుందాం:

"హాస్టల్‌లో రాత్రిపూట అన్నం చాలా మిగిలిపోయేది. మెస్ కమిటీ సభ్యురాలిగా దాన్ని తగ్గించే బాధ్యత నేను తీసుకున్నాను. వారం రోజులు మిగిలిన అన్నాన్ని తూకం వేయిస్తే, శుక్ర, శనివారాల్లోనే ఎక్కువ మిగులుతోందని తేలింది. ఊరికి వెళ్లేవారు సాయంత్రం 4 గంటలలోపు రిజిస్టరులో పేరు రాసే ఏర్పాటు చేశాను. మొదటి వారం చాలామంది రాయలేదు. అందుకని గదికొకరిని బాధ్యులుగా పెట్టాను. నెల తిరిగేసరికి ఆ రెండు రోజుల్లో వండే బియ్యం పూటకు పది కిలోలు తగ్గింది."

ఇందులో పతకం లేదు. అయినా ముందు కొలిచి చూడటం, మొదటి ఉపాయం పారనప్పుడు మార్గం మార్చుకోవడం స్పష్టంగా కనిపిస్తాయి. "మొదటి వారం చాలామంది రాయలేదు" అన్న వాక్యాన్ని సిగ్గుపడి తీసేయకూడదు, సమాధానానికి నమ్మకం తెచ్చేది అదే.

సమస్య: "అందులో మీరు చేసిందేమిటి?" అని తిరిగి అడుగుతారు

కారణం: నలుగురు కలిసి చేసిన ప్రాజెక్టులో మీ వంతు ఎంతో మీరు విడదీసి చెప్పలేదు.

పరిష్కారం: జట్టు చేసినదాన్ని ఒక వాక్యంలో ముగించి, మీ చేతి మీదుగా జరిగిన భాగానికి వెంటనే రండి. సహచరుల పనిని వారి పేరునే చెప్పడం వల్ల మీ విలువ ఏమీ తగ్గదు. డబ్బిచ్చి కొన్న ప్రాజెక్టును మాత్రం ఈ ప్రశ్నకు సమాధానంగా ఎత్తుకోవద్దు. ఆ డేటాబేస్‌ను ఎందుకు ఎంచుకున్నారని అడిగితే చాలు, విషయం బయటపడుతుంది.

సమస్య: సొంత డబ్బా కొట్టుకున్నట్టు ఉంటుందేమోనన్న జంకు, లేదా అంకెల దగ్గర తడబాటు

కారణం: ఈ రెండూ విశేషణాల మీద ఆధారపడటం వల్లే వస్తాయి. "అద్భుతంగా నిర్వహించాను" అన్న మాట గొప్పలుగా వినిపిస్తుంది. దాన్ని నిలబెట్టడానికి "30 శాతం పెరిగింది" అని ఊహించి చెబితే, ఎలా లెక్కించారని అడిగిన మరుక్షణం మొత్తం సమాధానం మీదే అనుమానం వస్తుంది.

పరిష్కారం: జరిగిన పనిని జరిగినట్టు చెప్పండి. కొలత లేకపోతే అంతకుముందు పరిస్థితి ఏమిటో, ఆ తర్వాత ఏం మారిందో వివరిస్తే సరిపోతుంది.

సమస్య: బట్టీ పట్టిన ఇంగ్లీషు సమాధానం మధ్యలో తెగిపోతుంది

కారణం: జ్ఞాపకం పెట్టుకున్నది వాక్యాలను, సంఘటనను కాదు.

పరిష్కారం: ముందుగా ఆ సంగతిని స్నేహితులెవరికైనా తెలుగులో చెప్పండి. వారు మధ్యలో అడిగే ప్రశ్నలే దాదాపుగా ఇంటర్వ్యూలోనూ ఎదురవుతాయి. క్రమం మనసులో కుదిరాక, నాలుగైదు ముక్కలు మాత్రమే కాగితం మీద పెట్టుకుని, చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాల్లో రెండు నిమిషాలకు మించకుండా పైకి చెప్పి అలవాటు చేసుకోండి. ప్రతిసారీ మాటలు కొంత మారుతున్నా కథ మారడం లేదంటే సమాధానం సిద్ధమైనట్టే.