వేసవిలో కుక్కను కాపాడుకోవడం: కట్టే చోటు మొదలు వడదెబ్బ దాకా

ఎండలు ముదరగానే మీరు చేయవలసిన మొదటి పని, మధ్యాహ్నం మూడు గంటలకు మీ కుక్కను కట్టే చోటికి వెళ్ళి చెప్పులు విప్పి నిలబడడం. పొద్దున కట్టేటప్పుడు అక్కడ నీడ ఉంటుంది, చల్లగా కూడా ఉంటుంది. అందుకే ఎవరికీ అనుమానం రాదు. కానీ ఇంటికి పడమటి వైపు పొద్దున పడే నీడ, ఒంటిగంట దాటేసరికి తూర్పు వైపుకు పోతుంది. గొలుసుకు కట్టిన కుక్క దాని వెంట పోలేదు. మీ పాదాలు నిలవలేని చోట దాన్ని కట్టవద్దు.

పల్నాడులో పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా పని చేసి రిటైరయ్యాను. ఎండాకాలం వస్తే రెంటచింతల పేరు పత్రికల్లో కనబడే ప్రాంతం మాది. నేను చూసినంతలో వడదెబ్బ తగిలి వచ్చిన కుక్కల్లో చాలావరకు ప్రేమగా పెంచుకుంటున్నవే. మేడ మీద రేకుల షెడ్డులో ఉంచినవి, గేటు పక్కన కట్టినవి, పదింటికి వాహ్యాళికి తీసుకెళ్ళినవి. వీధికుక్కకు కనీసం కాలవ గట్టుకో కానుగ చెట్టు కిందికో పోయే స్వేచ్ఛ ఉంటుంది. మన కుక్కకు మనం చూపించిన చోటే దిక్కు.

దాని శరీరం వేడిని ఎలా వదిలించుకుంటుందో తెలిస్తే మిగతావన్నీ సులువుగా అర్థమవుతాయి. మనకు ఒళ్ళంతా చెమట పడుతుంది. కుక్కకు అలా పట్టదు. పాదాల అడుగున కొద్దిగా పడుతుంది కానీ దానితో ఒళ్ళు చల్లబడదు. నాలుక చాపి రొప్పుతుంటే నోట్లో, శ్వాసనాళంలో ఉన్న తడి ఆవిరై వేడి బయటికి పోతుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే ఆ తడి త్వరగా ఆవిరి కాదు. కాబట్టి మచిలీపట్నంలో 36 డిగ్రీల ఉక్కపోతను, మా వైపు 42 డిగ్రీల పొడి ఎండ కంటే తక్కువ అంచనా వేయవద్దు. పగ్, షిట్జు, బుల్‌డాగ్ వంటి చప్పిడి ముక్కు జాతులకు రొప్పడమే కష్టం. లావెక్కినవి, ముసలివి, గుండె జబ్బు ఉన్నవి కూడా అంతే. మంచు దేశాల హస్కీని మన ఊళ్ళలో పెంచడం ఆ ప్రాణిని బాధపెట్టడమేనని నా గట్టి అభిప్రాయం. ఇప్పటికే ఇంట్లో ఉంటే పగలంతా ఏసీ గదిలోనే ఉంచండి.

ఉంచడానికి మంచి చోటు కింది అంతస్తులో, గాలి ఆడే గదిలో, కడప బండలు పరిచిన నేల. మెట్ల కింద, స్నానాలగది గచ్చు మీద అదే వెళ్ళి పడుకుంటే లేపవద్దు, చల్లని చోటేదో దానికి తెలుసు. రేకుల కింద ఎండ పడదు కానీ సెగ దిగుతుంది. వేరే దారి లేకపోతే రేకుల మీద తాటాకులు మందంగా కప్పి, నాలుగు వైపులా గాలి ఆడనివ్వండి. ఫ్యాను నేల మీద, దాని ఎత్తులో పెట్టండి. అయితే ఒంటికి చెమట పట్టని ప్రాణికి ఫ్యాను గాలి ఒక్కటే పెద్దగా పని చేయదు. పొట్ట, తొడల లోపలి భాగం, పాదాలు తడిపి అప్పుడు గాలి తగలనివ్వాలి. తడి గోనెపట్టా కింద పరిస్తే మంచిది. పైన కప్పకూడదు, కప్పితే వేడి లోపలే ఆగిపోతుంది.

నీళ్ళ సంగతి. ఇరవై కిలోల కుక్కకు మామూలు రోజుల్లోనే లీటరుకు తగ్గకుండా కావాలి, వేసవిలో ఇంకా ఎక్కువ. స్టీలు గిన్నె ఎండ తగిలితే కాలుతుంది, తేలికగా ఒరిగిపోతుంది. బరువైన మట్టి తొట్టి మేలు. అదీ రెండు చోట్ల పెట్టండి. ఒకటి ఒలికినా ఇంకొకటి ఉంటుంది. మేడ మీద ప్లాస్టిక్ ట్యాంకు నీళ్ళు మిట్టమధ్యాహ్నం చెయ్యి పెట్టలేనంతగా కాగి ఉంటాయి కాబట్టి పొద్దున్నే ఒక బకెట్ పట్టి నీడన దాచుకోండి. అవసరం పడిన రోజు ఆ బకెట్టే ప్రాణం నిలుపుతుంది. గేటు బయట వీధికుక్కలకు కూడా ఒక తొట్టి పెట్టి, దోమలు గుడ్లు పెట్టకుండా రోజూ కడిగి నీళ్ళు మార్చండి.

నడక పొద్దున ఆరు లోపు ముగించాలి. సాయంత్రం సూర్యుడు దిగగానే బయలుదేరవద్దు, తారు రోడ్డు, సిమెంటు రోడ్డు చాలాసేపు వేడిని పట్టి ఉంచుతాయి. అరచేతి వెనుక భాగాన్ని రోడ్డుకు ఆనించి ఏడు అంకెలు లెక్కపెట్టండి. ఆనించి ఉంచలేకపోతే ఇంకా వేళ కాలేదన్నమాట. బంతి విసిరి పరుగెత్తించే ఆట ఈ రోజుల్లో అసలు వద్దు. బ్రిటన్‌లో పశువైద్యుల రికార్డులు పరిశీలించి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, వేడి వల్ల జబ్బుపడిన కుక్కల్లో సుమారు నాలుగింట మూడు వంతులకు కారణం నడక, పరుగు వంటి శ్రమే. చల్లటి దేశంలోనే పరిస్థితి అది. కుక్క యజమాని కోసం ఒళ్ళు మరిచి పరుగెత్తుతుంది, తనంతట తాను చాలించదు. ఆపవలసింది మనమే.

లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, పొమేరేనియన్లకు వేసవి వచ్చిందని గుండు చేయించవద్దు. ఆ రెండు పొరల బొచ్చు ఎండ నేరుగా చర్మానికి తగలకుండా అడ్డుకుంటుంది. రోజూ దువ్వి ఊడిన బొచ్చు తీస్తే చాలు. దువ్వేటప్పుడే చెవుల లోపల, వేళ్ళ సందుల్లో పిడుదులు ఉన్నాయేమో చూడండి. వాటి వల్ల వచ్చే జ్వరం కుక్కను బాగా కుంగదీస్తుంది.

తిండి తెల్లవారుజామున, రాత్రి పెట్టండి. పాలు పడే కుక్క అయితే ఉప్పు లేని పలచటి మజ్జిగ, కొంచెం పెరుగన్నం పెట్టవచ్చు. మనం తాగే ఉల్లిపాయ ముక్కల మజ్జిగ మాత్రం పోయవద్దు, ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తాన్ని దెబ్బతీస్తాయి. గింజలు తీసిన పుచ్చకాయ ముక్కలు ఇష్టంగా తింటాయి. ద్రాక్ష పెట్టకూడదు. మామిడి టెంకె దానికి అందే చోట పారేయవద్దు. మింగితే పేగుల్లో అడ్డుపడి ఆపరేషన్ దాకా పోతుంది.

ఆపి ఉంచిన కారులో ఐదు నిమిషాలకు కూడా వదలవద్దు. అద్దం కొంచెం దించినంత మాత్రాన లోపలి వేడి తగ్గదు.

ఇక వడదెబ్బ. రొప్పడం ఆగకుండా పెద్ద శబ్దంతో సాగుతుంటే, చొంగ చిక్కగా కారుతుంటే, చిగుళ్ళు ఎర్రగా కందిపోతే, తూలుతుంటే, వాంతి చేసుకుంటే ఇంకేమీ ఆలోచించవద్దు. ఇంట్లో కుక్క కోసం విడిగా ఒక డిజిటల్ థర్మామీటరు ఉంచుకోండి. మలద్వారంలో పెట్టి చూడాలి. మామూలుగా 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ డిగ్రీలు ఉంటుంది. 104 దాటితే వెంటనే చల్లబరచాలి. 106కు చేరితే ప్రాణాపాయం. థర్మామీటరు కోసం వెతుకుతూ సమయం పోగొట్టుకోవద్దు, లక్షణాలు చాలు.

నీడకు మార్చి, దాచిన బకెట్ నీళ్ళు ఒంటి నిండా పోయండి. మెడ, పొట్ట, తొడల సందులు బాగా తడవాలి, ముక్కులోకి నోట్లోకి నీళ్ళు పోకూడదు. పోస్తూనే ఫ్యాను పెట్టండి, కరెంటు లేకపోతే విసనకర్రతో విసరండి. వయసులో ఉన్న ఆరోగ్యమైన కుక్కనైతే తల పైకి పట్టుకుని నీళ్ళ తొట్టిలో కూర్చోబెట్టవచ్చు. వేడి ఒంటి మీద చన్నీళ్ళు పడితే ప్రమాదమని పెద్దవాళ్ళు వారిస్తారు. వినవద్దు, ఆ క్షణంలో అంతకంటే మంచి మందు లేదు. పారాసిటమాల్ వేయవద్దు. ఇది జ్వరం కాదు, ఆ మాత్రతో దిగదు, పైగా కుక్కకు హాని చేస్తుంది. స్పృహ లేని కుక్క నోట్లో నీళ్ళు పోయవద్దు.

చాలామంది కుక్కను అలాగే ఆటోలో వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తుకొస్తారు. దారిలో గడిచే అరగంటలో లోపలి అవయవాలు ఉడికిపోతాయి. ముందు చల్లబరచండి, తరువాత బయలుదేరండి. ఒకరు నీళ్ళు పోస్తుంటే ఇంకొకరు డాక్టరుగారికి ఫోను చేయాలి. వేడి 103కు దిగగానే పోయడం ఆపి, కిటికీలు తెరిచిన బండిలో తీసుకెళ్ళండి. లేచి తోక ఊపుతోంది కదా అని మానుకోవద్దు. మూత్రపిండాలకు, రక్తం గడ్డకట్టే తీరుకు జరిగిన నష్టం ఒకటి రెండు రోజుల తరువాత బయటపడవచ్చు. మూత్రం రంగు మారినా, విరేచనంలో రక్తం కనబడినా మళ్ళీ తీసుకెళ్ళండి. ఒకసారి వడదెబ్బ తిన్న కుక్కకు మళ్ళీ తగిలే అవకాశం ఎక్కువ. దాన్ని రోహిణి కార్తె వెళ్ళి తొలకరి పడేదాకా పగటిపూట గడప దాటనివ్వకండి.