వందల కొద్దీ సీడీలు, రికార్డులు: డిస్కులు తప్పిపోకుండా సర్దుకోవడం ఎలా?

డబ్బా తెరిస్తే ఖాళీ. లేదా లోపల ఉన్నది వేరే డిస్కు. పాటల సేకరణ మూడు నాలుగు వందలు దాటాక ఇది తప్పకుండా ఎదురయ్యే చిక్కే. చాలామంది తప్పంతా సర్దిన వరసదే అనుకుని మొత్తం కిందికి దించి అక్షర క్రమంలో మళ్ళీ పేరుస్తారు. నెల తిరిగేసరికి కథ మామూలే. షెల్ఫులో ఉన్న డిస్కు ఎక్కడికీ పోదు. ప్లేయర్లోంచి ఒకటి తీసి మరొకటి పెట్టే ఆ కాస్త సమయంలోనే తప్పిపోతుంది. కాబట్టి ముందు పోయినవాటిని పట్టుకోవాలి, తర్వాత డిస్కు మార్చే అలవాటును సరిచేసుకోవాలి. షెల్ఫులూ జాబితా ఆ తర్వాతే.

మొదటి పని: పోయినవాటిని వెతకడం

డిస్కులు ఎలా తప్పిపోతాయో తెలిస్తే సగం వెతికినట్టే. ప్లేయర్లో ఒకటో డిస్కు ఉంది. రెండోది వినాలనిపించి దాని డబ్బా తెచ్చి తెరుస్తారు. ఒకటోది బయటికి తీసి రెండోది ట్రేలో పెడతారు. ఇప్పుడు చేతిలో ఒకటో డిస్కు ఉంది, ఎదురుగా తెరిచి ఉన్నది మాత్రం రెండో దాని డబ్బా. ఒకటో దాని డబ్బా ఎక్కడో షెల్ఫులో ఉంది. ‘తర్వాత మార్చుదాంలే’ అని ఎదురుగా ఉన్న డబ్బాలోనే పెట్టి మూసేస్తారు. మర్నాడు మూడోది వింటారు, రెండోది వెళ్ళి మూడో దాని డబ్బాలో కూర్చుంటుంది. వారం తిరిగేసరికి అరడజను డబ్బాల్లో ఒక్కో అడుగు జరిగిన డిస్కులుంటాయి. మొదటి డబ్బా ఖాళీ.

వెతకడం కూడా ఈ గొలుసు పట్టుకునే వెతకాలి. తెరిచిన డబ్బాలో వేరే డిస్కు కనబడితే దాన్ని పక్కన పడేయకండి, దాని సొంత డబ్బా తెరవండి. అందులో ఇంకొకటి ఉంటే దాని డబ్బా తెరవండి. ఏ డిస్కును దాని డబ్బాలో పెట్టుకుంటూ ఇలా వెళితే రెండిట్లో ఒకటి జరుగుతుంది. గొలుసు చుట్టు తిరిగి మీకు కావలసిన డిస్కు దగ్గరికే రావచ్చు, పని అయిపోతుంది. లేదా ఒక ఖాళీ డబ్బా దగ్గర ఆగిపోవచ్చు. అలా ఆగితే మీ డిస్కు గొలుసు రెండో కొసన ఉన్నట్టు. అంటే, దాని తర్వాత మీరు ఏది విన్నారో ఆ డబ్బాలో. ఈమధ్య విన్నవి ముందు తెరవండి, ఆ తర్వాత అదే గాయకుడి మిగతా ఆల్బమ్‌లు, ఆపైన లేబుల్ రంగు దానిలాగే ఉన్నవి.

అక్కడా లేకపోతే ఈ చోట్లు చూడాలి:

సీడీ ప్లేయరు ట్రే, ఐదు డిస్కులు పట్టే ఛేంజరు, కంప్యూటర్ డ్రైవు, డీవీడీ ప్లేయరు, కారు. వీటన్నిటికీ కరెంటు ఇచ్చి ట్రే బయటికి రప్పించి చూడండి, తెర మీద ‘డిస్కు లేదు’ అని వచ్చిందని వదిలేయకండి. చదవలేని డిస్కు లోపల ఉన్నా కొన్ని ప్లేయర్లు ఆ మాటే చూపిస్తాయి.

మరో డిస్కు అడుగున. డబ్బా మధ్యనుండే ఒకే బొడిపె మీద రెండు సీడీలు నొక్కితే పైదొక్కటే కనిపిస్తుంది. సీడీ మందం 1.2 మిల్లీమీటర్లే, మూత మామూలుగానే పడిపోతుంది. అనుమానం ఉంటే పై డిస్కు తీసి చూడాల్సిందే.

రెండు డిస్కుల డబ్బాలో తిప్పే ట్రే వెనక. బాక్స్ సెట్లలోని అట్ట కవర్లలో, ముఖ్యంగా ఒకే కవరులోకి రెండు జారిపోయి.

రికార్డులకైతే చెయ్యే సాధనం. పన్నెండు అంగుళాల రికార్డు సాధారణంగా 120 నుంచి 180 గ్రాములు ఉంటుంది. కవరు ఎత్తగానే ఖాళీదో, రెండు కుక్కిందో బరువులోనే తెలిసిపోతుంది. పుస్తకంలా తెరుచుకునే కవరైతే రెండు వైపులా చెయ్యి పెట్టి చూడండి. ఒక్క రికార్డే ఉన్నా అది ఏ జేబులోకి వెళ్ళిందో పైకి కనిపించదు.

ఒకటి రెండు కాదు, చాలానే పోయాయనిపిస్తే ఒక్కసారి మొత్తం తనిఖీ చేయడమే మేలు. డబ్బాకు 10 సెకన్లు వేసుకున్నా 500 డబ్బాలు గంటన్నరలోపే అయిపోతాయి. ఒక చివర మొదలుపెట్టి ప్రతిదీ తెరవండి. సరిగా ఉన్నది వెంటనే లోపలికి. ఖాళీ డబ్బా ఎడమ కుప్పలోకి, తనది కాని డబ్బాలో కనబడిన డిస్కు మెత్తటి కవరులో పెట్టి కుడి కుప్పలోకి. మధ్యలో జతలు కలపడానికి ఆగకండి, ఆగితే ఎక్కడిదాకా వచ్చారో మరిచిపోతారు. చివరి డబ్బా అయ్యాక రెండు కుప్పలూ ఎదురెదురుగా పెట్టుకుంటే చాలావరకు వాటంతట అవే జత కుదురుతాయి.

పేరు చెరిగిపోయిన డిస్కు మిగిలిందా? అడుగు వైపు, మధ్య రంధ్రం చుట్టూ ఉన్న వలయంలో సన్నటి అక్షరాలూ అంకెలూ ఉంటాయి, వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే చదవచ్చు. అది తయారీ సంఖ్య. చాలాసార్లు అందులోనే కేటలాగ్ నంబరు (ఆల్బమ్‌కు కంపెనీ వేసే సంఖ్య) కలిసి ఉంటుంది, డిస్కాగ్స్ అనే ఆన్‌లైన్ ఆల్బమ్‌ల జాబితాలో వెతికితే ఆల్బమ్ దొరుకుతుంది. లేదా కంప్యూటర్లో పెట్టండి. పాటలు ఎన్ని, ఒక్కోటి డిస్కు మీద ఎక్కడ మొదలవుతుంది అన్న లెక్కతోనే మ్యూజిక్‌బ్రెయిన్జ్ లాంటి డేటాబేస్‌లు ఆల్బమ్ పేరు చెప్పేస్తాయి.

రెండో పని: డిస్కు మార్చే పద్ధతి

ఈ ఒక్కటీ కుదిరితే మిగతావి కాస్త అటూ ఇటూ అయినా నష్టం లేదు. నియమం ఇదీ: రెండు డబ్బాలు ఒకేసారి తెరిచి ఉండకూడదు.

1. ప్లేయరు పక్కన ఒక్క డబ్బా పట్టేంత చోటు కేటాయించండి. లోపల తిరుగుతున్న డిస్కు తాలూకు ఖాళీ డబ్బా, మూత మూసి, అక్కడే ఉండాలి. ఐదు డిస్కుల ఛేంజరైతే ఐదు డబ్బాల చోటు, వరస సంఖ్యలతో.
2. డబ్బా తీసిన చోట షెల్ఫులో ఒక అట్ట ముక్క పెట్టండి. సీడీకి 12 సెంటీమీటర్ల ఎత్తు, 16 సెంటీమీటర్ల పొడవు ఉంటే డబ్బాల కన్నా దాదాపు 2 సెంటీమీటర్లు ముందుకు పొడుచుకొస్తుంది. రికార్డులకు 31, 34. ఇంట్లో వినేవాళ్ళు ఎందరుంటే అన్ని రంగులు పెట్టుకోవచ్చు.
3. మార్చేటప్పుడు ముందు పాతది బయటికి తీసి, దాని డబ్బాలో పెట్టి, మూసి, షెల్ఫుకు చేర్చండి. అట్ట ముక్క చేతికి వస్తుంది.
4. అప్పుడు కొత్త డబ్బా తీసి, ఆ అట్ట దాని చోట పెట్టండి.

మొదట్లో విసుగ్గానే ఉంటుంది, నిజం. కానీ రోజూ చేసే తనిఖీ దీనిలోనే ఇమిడి ఉంది: ప్లేయరు పక్కన డబ్బా లేకపోతే ప్లేయరు ఖాళీగా ఉండాలి. ఉండకపోతే తప్పు ఇప్పుడే జరిగింది, ఇప్పుడే దిద్దుకోవచ్చు.

డిస్కు ఊడి బయట పడటానికి ఇంకో కారణం డబ్బా మధ్యలో ఉండే పళ్ళు విరిగిపోవడం. డిస్కును అంచు పట్టి పైకి లాగితే అది విల్లులా వంగి పళ్ళ మీద భారం పడుతుంది. ఒక వేలితో మధ్య బొడిపెను నొక్కి, మిగతా వేళ్ళతో అంచు పట్టుకుని ఎత్తాలి. పళ్ళు రెండు మూడు విరిగాక ఆ డబ్బాను ‘ఫర్వాలేదులే’ అని ఉంచుకోవద్దు. మామూలు డబ్బాల కొలత దాదాపు ఒకటే కాబట్టి ఖాళీ డబ్బా ఒకటి తెచ్చి లోపలి ట్రే మాత్రం ఊడదీసి మార్చవచ్చు, వెనక అట్ట చిరగకుండా చూసుకోండి.

డిస్కును టేబుల్ మీద పెట్టాల్సి వస్తే చాలామంది లేబుల్ వైపు కిందికి పెడతారు. సీడీకి అది సురక్షితం కాదు. పాట ఉన్న లోహపు పొర లేబుల్‌కు సరిగ్గా కిందే ఉంటుంది, పైన రక్షణగా వార్నిష్ లాంటి పల్చటి పూతే. మెరిసే వైపు గీతలు చాలావరకు రుద్ది పోగొట్టవచ్చు. లేబుల్ వైపు గీత లోహం దాకా దిగితే ఆ డిస్కు పని అయిపోయినట్టే.

మూడో పని: షెల్ఫులు

సీడీ డబ్బా నిలబెడితే ఎత్తు 12.5, లోతు 14.2, మందం 1 సెంటీమీటరు. షెల్ఫు లోపలి ఎత్తు 15 ఉంటే వేలు దూరుతుంది. మీటరు పొడవులో 95 దాకా పడతాయి, కానీ 80 దగ్గరే ఆపండి. ఖాళీ లేని షెల్ఫులో కొత్తది దూర్చాలంటే పక్కవి తీయాలి, తీసినవి పైన పడుకోబెడతారు, పైన పడుకున్నవి అక్కడే ఉండిపోతాయి. లోతు మరీ ఎక్కువైనా ముప్పే: 30 సెంటీమీటర్ల షెల్ఫులో వెనక వరస ఒకటి మొలుస్తుంది, అందులో ఏముందో ఎవరికీ గుర్తుండదు. లోతైన షెల్ఫే దిక్కయితే వెనక చెక్క దిమ్మె పెట్టి పూడ్చేయండి.

రికార్డుల సంగతి బరువుతో మొదలవుతుంది. మీటరు నిడివి రికార్డులు 50 నుంచి 65 కిలోల దాకా తూగుతాయి. పుస్తకాల కోసం చేసిన పల్చటి బల్లలు మధ్యలో కుంగిపోతాయి. కుంగితే రికార్డులు వాలతాయి, వాలినవి వంకరపోతాయి. అందుకే ప్రతి 10–15 సెంటీమీటర్లకు ఒక నిలువు అడ్డు ఉండాలి. లోపలి ఎత్తు, లోతు 33 సెంటీమీటర్లు చాలు. ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి పేర్చడం వద్దు. పీవీసీ కవర్లు కూడా వద్దు, అందులోని రసాయనం కాలక్రమంలో రికార్డు మీదికి చేరుతుంది. పాలిథీన్ లేదా పాలీప్రొపిలీన్ కవర్లు తీసుకోండి. ఎండ తగలని గోడ, ఎక్కువ తడి లేని గది, అంతే.

నాలుగో పని: వరస

రెండే పద్ధతులు పనికొస్తాయి. ఒకటి, గాయకుడు లేదా బృందం పేరుతో అక్షర క్రమం, ఒక పేరు కింద ఆల్బమ్ మొదట వచ్చిన సంవత్సరం ప్రకారం. మీ చేతిలోని కాపీ తర్వాతెప్పుడో మళ్ళీ విడుదలైనదైనా మొదటి సంవత్సరమే లెక్క. రెండోది, కొన్న వరసలో సంఖ్య వేయడం: 0001, 0002 అలా. కొత్తది ఎప్పుడూ చివరికే చేరుతుంది, ఏదీ జరపక్కర్లేదు, కానీ జాబితా లేకుండా ఏదీ దొరకదు. వెయ్యి దాటినవాళ్ళకు రెండోదే హాయి. అంతకు లోపు పేరు వరసే మేలు, ఎందుకంటే షెల్ఫు ముందు నిలబడి ఏది విందామా అని చూసుకునే సుఖం దాంట్లోనే ఉంది.

సంగీత రకాన్ని బట్టి విడదీయడం మాత్రం చిక్కులు తెస్తుంది. ఒకే ఆల్బమ్ రెండు రకాల్లో ఇముడుతుంది, ఇవాళ ఒకచోట పెట్టినదాన్ని రేపు మరోచోట వెతుకుతారు. తప్పనిసరిగా విడదీయాల్సినవి మూడే: చాలామంది కలిసి పాడిన సంకలనాలు, సినిమా పాటలు (సినిమా పేరుతో), స్వరకర్త పేరుతో వెతికే శాస్త్రీయ సంగీతం. ఇంటి పేరుతో చూడాలా, సొంత పేరుతోనా, ఏ భాష అక్షరాల వరస అన్నది ముందే తేల్చుకుని, షెల్ఫు లోపలి వైపు కాగితం మీద రాసి అంటించండి. ఇద్దరు సర్దే ఇంట్లో ఈ కాగితం లేకపోతే రెండు వరసలు తయారవుతాయి.

ఐదో పని: జాబితా

స్ప్రెడ్‌షీట్ చాలు. గడులు: సంఖ్య, పేరు, ఆల్బమ్, సంవత్సరం, కేటలాగ్ నంబరు, బార్‌కోడ్, డిస్కులు ఎన్ని, షెల్ఫు, ఎవరి దగ్గరుంది, తేదీ. ఒక జాగ్రత్త: బార్‌కోడ్, సంఖ్య గడులను ముందే ‘టెక్స్ట్’గా మార్చండి. మార్చకపోతే ముందున్న సున్నాలు మాయమవుతాయి, 13 అంకెల కోడ్ కుదించిన రూపంలో కనిపిస్తుంది. ఫోనుతో బార్‌కోడ్ చూపి చేర్చుకోవాలంటే డిస్కాగ్స్ యాప్ ఉంది, అయితే అక్కడున్న జాబితాను అప్పుడప్పుడు ఫైలుగా దించి దాచుకోండి.

సంఖ్యను డబ్బా మీద ఒక్కచోటే కాదు, డిస్కు మీద కూడా రాయాలి, లేకపోతే విడిపోయినప్పుడు ఉపయోగం లేదు. సీడీకి మధ్య రంధ్రం పక్కనున్న పారదర్శక వలయం మీద, నీటి సిరాతో ఉన్న డిస్కు పెన్నుతో రాయండి. అక్కడ పాట ఉండదు. స్టిక్కరు అంటించకండి: డిస్కు తిరిగేటప్పుడు తూకం తప్పుతుంది, జిగురు వదిలితే ప్లేయర్లో ఇరుక్కుంటుంది. రెండు మూడు డిస్కుల సెట్టయితే 0412-1, 0412-2 అని వేరువేరుగా వేయండి.

డిస్కు మార్చే పనే తగ్గించాలంటే కంప్యూటర్లోకి ఎక్కించుకోవచ్చు. నాణ్యత తగ్గని ఫ్లాక్ ఫార్మాట్‌లో ఆల్బమ్‌కు సుమారు 300 మెగాబైట్లు, వెయ్యి ఆల్బమ్‌లకు 300 గిగాబైట్లు వేసుకోండి. ఎగ్జాక్ట్ ఆడియో కాపీ లాంటి ప్రోగ్రాము అదే డిస్కును ఎక్కించిన ఇతరుల ఫలితాలతో పోల్చి తప్పులు పట్టుకుంటుంది. ఫోల్డరు పేరు ముందు షెల్ఫు సంఖ్యే పెట్టండి. రెండో హార్డ్‌డిస్కులో ఇంకో కాపీ ఉండాలి.

ఇంకా దొరకనివి

ఎవరికైనా ఇచ్చేటప్పుడు డబ్బాతో సహా ఇవ్వండి, అట్ట ముక్క మీద పేరూ తేదీ పెన్సిలుతో రాసి ఖాళీలో పెట్టండి. విడి డిస్కు ఇస్తే అది తిరిగొచ్చే అవకాశం తక్కువ, తీసుకున్నవాళ్ళకు కూడా అది ఎవరిదో గుర్తుండదు.

వెతికినా దొరకని డిస్కుల డబ్బాలను దాచేయకండి. వాటి చోటనే తలకిందులుగా నిలబెట్టండి. పక్క అంచు మీది పేరు తిరగబడి కనిపిస్తుంది కాబట్టి ఏవి ఖాళీవో దూరం నుంచే తెలుస్తుంది. జాబితాలో ‘లేదు’ అని తేదీ వేసి ఆరు నెలలు ఆగండి. ఈలోపు ఫర్నిచరు జరిపినప్పుడో, ఇల్లు మారినప్పుడో, బాక్స్ సెట్ తెరిచినప్పుడో కొన్ని బయటపడతాయి. ఆ తర్వాతే మళ్ళీ కొనండి. కొన్నాక పాతది ప్రత్యక్షమైతే, గీతలు తక్కువ ఉన్నది డబ్బాలో ఉంచి రెండోది కారుకు వదిలేయండి.