ఇల్లు వేలానికి పోకుండా – 3వ పాఠం: 90 రోజుల లెక్క, 60 రోజుల నోటీసు

గత పాఠంలో శాంక్షన్ లెటర్, లోన్ స్టేట్‌మెంట్ చదవడం నేర్చుకున్నాం. ఆ రెండూ పక్కన పెట్టుకుని కూర్చోండి. ఈ రోజు పాఠం తేదీలు లెక్కపెట్టడం గురించి. ఒక్క వాయిదా సొమ్ము 85వ రోజున కడితే ఖాతా నిలబడుతుంది, అదే సొమ్ము 95వ రోజున కడితే సరిపోదు. హోమ్ లోన్ కట్టలేని ఇబ్బందిలో ఉన్నవాళ్లకు ముందుగా తెలియాల్సింది ఇదే.

ఒక లెక్క వేసుకుందాం. లోన్ 30 లక్షలు, వడ్డీ 9 శాతం, గడువు 20 ఏళ్లు. నెలకు ఈఎంఐ రూ.26,992, ప్రతి నెలా 5న కట్టాలి. ఉద్యోగం పోయి జనవరి నుంచి వాయిదాలు ఆగిపోయాయి అనుకోండి. జనవరి 5 బకాయికి ఏప్రిల్ 5తో 90 రోజులు నిండుతాయి. అది దాటితే బ్యాంకు మీ ఖాతాను ఎన్‌పీఏగా, అంటే మొండి బాకీగా రాసుకుంటుంది.

ఇప్పుడు మార్చి నెలాఖరులో కష్టపడి ఒక్క ఈఎంఐ కట్టారనుకోండి. బ్యాంకులు మామూలుగా ఆ డబ్బును అన్నిటికంటే పాత బకాయికి జమ వేసుకుంటాయి. జనవరి వాయిదా తీరిపోయి, లెక్క ఫిబ్రవరి 5 నుంచి మొదలవుతుంది. అంటే మీకు దాదాపు నెల రోజులు దొరికాయి. అదే ఏప్రిల్ 10న కడితే? ఎన్‌పీఏ అయిన ఖాతా మళ్లీ మామూలు ఖాతా కావాలంటే అసలు, వడ్డీ బకాయిలన్నీ కట్టాల్సిందేనని రిజర్వ్ బ్యాంకు 2021 నవంబరులో స్పష్టంగా చెప్పింది. అప్పటికి నాలుగు వాయిదాలు, అంటే రూ.1,07,968, దాని మీద పెనాల్టీ. అందుకే కొంత డబ్బు చేతిలో ఉంటే మొత్తం సమకూరేదాకా ఆగకండి. 90 రోజుల లోపే, ఒక్క వాయిదా అయినా కట్టండి.

ఈ మూడు నెలల్లోనే బ్రాంచికి వెళ్లి మాట్లాడాలి. ఫోన్లు ఎత్తకపోవడం వల్ల టెన్షన్ తగ్గదు, తేదీలూ ఆగవు. మేనేజరును ఏం అడగాలి? చాలామంది ముందు గడువు పెంచమని అడుగుతారు. అడగండి, కానీ లెక్క తెలుసుకుని అడగండి. పైన చెప్పిన లోన్‌నే 30 ఏళ్లకు వేస్తే ఈఎంఐ రూ.24,139. నెలకు తగ్గేది రూ.2,853 మాత్రమే, మొత్తం మీద వడ్డీ మాత్రం సుమారు 22 లక్షలు పెరుగుతుంది. జీతం కాస్త తగ్గినవాళ్లకు ఇది పనికొస్తుంది. ఆదాయమే ఆగిపోయినవాళ్లకు కొన్ని నెలల వాయిదా విరామం కావాలి, దాన్నే అడగాలి. ఉద్యోగం పోయినట్టు చూపే కాగితం గానీ ఆసుపత్రి బిల్లులు గానీ జతచేసి, రాతపూర్వకంగా ఇచ్చి, రెండో కాపీ మీద బ్యాంకు ముద్ర వేయించుకోండి. పీఎఫ్ ఉంటే ఇంటి లోన్ తీర్చడానికి అందులోంచి ఎంత తీసుకోవచ్చో కనుక్కోండి. లోన్ తీసుకున్న మనిషే చనిపోయి ఉంటే, లోన్‌తో పాటు ఇన్సూరెన్స్ చేయించారేమో ముందు వెతకండి. దుఃఖంలో కుటుంబాలు ఈ కాగితాన్ని మరిచిపోతుంటాయి. లోన్ యాప్‌లో అప్పు చేసి ఈఎంఐ కట్టడం మాత్రం దయచేసి వద్దు.

రికవరీ ఏజెంట్లు ఉదయం 8 లోపు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు. బెదిరించకూడదు, చుట్టాల ముందు పరువు తీయకూడదు. ఇవి రిజర్వ్ బ్యాంకు పెట్టిన నిబంధనలు. బాకీ పడినంత మాత్రాన ఎవరి చేతా మాటలు పడాల్సిన అవసరం లేదు. తేదీ, సమయం రాసిపెట్టుకుని బ్యాంకుకు ఫిర్యాదు చేయండి.

ఎన్‌పీఏ అయ్యాక వచ్చేది 2002 నాటి సర్ఫేసీ చట్టం (తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకుని అమ్మే వీలును బ్యాంకులకు ఇచ్చే చట్టం) సెక్షన్ 13(2) కింద డిమాండ్ నోటీసు. అది తెరవగానే గుండె ఆగినంత పని అవుతుంది, ఎందుకంటే అందులో అడిగేది లక్ష బకాయి కాదు, మిగిలిన లోన్ మొత్తం. 60 రోజుల్లో కట్టమని ఉంటుంది. కంగారుపడకుండా పెన్ను తీసుకుని నాలుగు చోట్ల గీత గీయండి: నోటీసు మీది తేదీ, ఎన్‌పీఏ అయిన తేదీ, అడిగిన మొత్తం, కింద షెడ్యూల్‌లో ఇంటి సరిహద్దులు. మీరు కట్టినవన్నీ జమ అయ్యాయో లేదో స్టేట్‌మెంట్‌తో సరిచూడండి. 60 రోజులను, అందిన తేదీ నుంచి కాక, నోటీసు మీది తేదీ నుంచి లెక్కపెట్టుకుంటే భద్రం. జూన్ 10 తేదీ ఉంటే గడువు ఆగస్టు 9.

ఈ నోటీసుకు జవాబు ఇచ్చే హక్కు సెక్షన్ 13(3ఎ) మీకు ఇచ్చింది. జవాబు పెద్దగా ఉండక్కర్లేదు:

“మీ జూన్ 10 నాటి నోటీసు అందింది. మార్చి 28న నేను కట్టిన రూ.26,992 మీ లెక్కలో కనబడలేదు, రసీదు జతచేశాను. బకాయిలను జులై 31 లోపు కట్టి ఖాతాను సరిచేసుకుంటాను, అందుకు అంగీకారం రాతపూర్వకంగా తెలపగలరు.”

దీన్ని స్పీడ్ పోస్టులో పంపండి, మెయిల్ కూడా చేయండి. మీ అభ్యంతరం సరికాదనుకుంటే కారణాలతో 15 రోజుల్లో బ్యాంకు మీకు తెలపాలి. నోటీసు వచ్చాక బ్యాంకు రాతపూర్వక అనుమతి లేకుండా ఇల్లు అమ్మడం కుదరదు. అనుమతి తీసుకుని మీరే అమ్ముకునే వీలుంది. ఎలాగూ కట్టలేమని తేలిపోతే అదే మేలన్నది నా అభిప్రాయం. కొనేవాళ్లతో మీరే బేరం ఆడుకోవచ్చు, వేలం ఖర్చులు మీ నెత్తిన పడవు.

60 రోజులు దాటాక తలుపు మీద పొసెషన్ నోటీసు, అంటే స్వాధీనం నోటీసు, అంటిస్తారు. వారం లోపు రెండు పత్రికల్లో వేస్తారు, అందులో ఒకటి స్థానిక భాషది. సాధారణంగా ఇది కాగితం మీద స్వాధీనం మాత్రమే, ఆ రోజే మిమ్మల్ని బయటికి పంపినట్టు కాదు. మీరు ఖాళీ చేయనంటే బ్యాంకు సెక్షన్ 14 కింద కలెక్టర్‌నో మేజిస్ట్రేట్‌నో ఆశ్రయించాలి. అయితే ఈ నోటీసుతో మీకు ఇంకో గడువు మొదలవుతుంది. బ్యాంకు చర్యను సవాలు చేస్తూ రుణ వసూళ్ల ట్రైబ్యునల్‌కు వెళ్లడానికి 45 రోజులు ఉంటాయి. మన రాష్ట్రాల్లో ఇవి హైదరాబాద్‌లో, విశాఖపట్నంలో ఉన్నాయి. ఒకప్పుడు అక్కడికి వెళ్లాలంటే బాకీలో 75 శాతం ముందే కట్టాలని షరతు ఉండేది. 2004లో మార్డియా కెమికల్స్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది.

అన్నిటికంటే కఠినమైన తేదీ వేలం ప్రకటన వెలువడే రోజు. వేలం జరిగేలోపు డబ్బు తెచ్చి విడిపించుకోవచ్చులే అని ఇప్పటికీ చాలామంది నమ్ముతారు. 2016 సవరణ తర్వాత ఆ హక్కు ప్రకటన అచ్చయ్యేదాకానే. 2023లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. వన్ టైం సెటిల్‌మెంట్, అంటే కొంత తగ్గించిన మొత్తం కట్టి బాకీ ముగించుకోవడం, కూడా మన హక్కు కాదు, బ్యాంకు ఒప్పుకుంటేనే జరుగుతుంది. వేలంలో బాకీ, ఖర్చులు పోను మిగిలిన డబ్బు మాత్రం మీకే రావాలి. లెక్క అడిగి తీసుకోండి.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి ఇక్కడ ఫ్లాట్ మీద లోన్ తీసుకున్నవాళ్లకు ఒక మాట. నోటీసులు బ్యాంకు దగ్గరున్న చిరునామాకే వెళ్తాయి. ఆ చిరునామా, మెయిల్, ఫోన్ నంబరు ఈ వారమే మార్పించుకోండి.

అభ్యాసం: పొసెషన్ నోటీసు ఆగస్టు 20న అంటించారు. ట్రైబ్యునల్‌కు వెళ్లడానికి చివరి తేదీ ఏది? మీ లెక్క అక్టోబరు 4 వస్తే సరిగ్గా చేసినట్టే. తర్వాత మీ స్టేట్‌మెంట్ తీసి, కట్టని పాత వాయిదా తేదీ కింద గీత గీసి, దానికి 90 రోజులు కలిపి క్యాలెండర్‌లో రాసుకోండి. వచ్చే పాఠంలో ట్రైబ్యునల్ దరఖాస్తును పేరా పేరాగా చదువుదాం.