సీలర్ గట్టిగా పట్టాలంటే రూట్ కెనాల్‌ని చివరిసారి ఎలా కడగాలి?

రూట్ కెనాల్ చేసిన పన్ను మళ్లీ నొప్పెడితే అందరూ ఫిల్లింగ్‌నే తిడతారు. సీలర్ (ఫిల్లింగ్‌కీ పంటి గోడకీ మధ్య సందు మూసే పేస్ట్) వేసే ముందు ఆ కెనాల్‌ని (పంటి వేరు లోపలి సన్న దారిని) దేనితో కడిగారని ఎవరూ అడగరు. చెన్నైలో నా దగ్గర పని నేర్చుకోవడానికి నెల్లూరు, తిరుపతి నుంచి వచ్చే కుర్ర డాక్టర్లకి నేను మొదట చెప్పేది ఈ చివరి కడుగు గురించే.

రబ్బర్ డ్యామ్ (పన్నుని నోటి తడి నుంచి వేరుచేసే రబ్బరు తెర), 3 శాతం హైపోక్లోరైట్ (క్రిముల్ని చంపే ద్రవం), 17 శాతం ఈడీటీఏ (పంటి ఖనిజాన్ని కరిగించే ద్రవం), స్టెరైల్ సెలైన్ (క్రిములు లేని ఉప్పునీరు), పేపర్ పాయింట్లు (కెనాల్‌లో తడి పీల్చే సన్న కాగితపు పుల్లలు), పక్కన రంధ్రమున్న 30 గేజ్ సూది ఉంటే చాలు. కొసన రంధ్రమున్న సూది ముట్టుకోకండి. ఒక్కో ద్రవానికి ఒక్కో సిరంజి, దాని మీద పేరు. హైపోక్లోరైట్ వేడికీ వెలుతురుకీ బలం తగ్గిపోతుంది కాబట్టి మన కత్తిరి ఎండల్లో సీసాని కిటికీ దగ్గర పెట్టొద్దు.

ఫైలింగ్ (సన్న ఆకురాయి లాంటి పనిముట్లతో కెనాల్ గోడల్ని గీకడం) అయ్యాక హైపోక్లోరైట్‌తో, అంటే హైపోతో, కడగండి. సూది పని పొడవుకి (కెనాల్‌లో మనం శుభ్రం చేసే పూర్తి లోతుకి) 2 మిల్లీమీటర్లు ముందే ఆగాలి, కెనాల్‌లో బిగుసుకోకూడదు. తర్వాత సెలైన్.

అసలు పని ఇప్పుడే. ఫైలింగ్‌లో రాలిన పొడి గోడకి పూతలా అంటుకుని డెంటిన్ (పన్ను లోపలి గట్టి పొర) సన్న గొట్టాల నోళ్లు మూసేస్తుంది. ఇదే స్మియర్ లేయర్. అది ఉండగా సీలర్ వేస్తే సున్నం పెళ్లలు లేచిన గోడకి రంగు వేసినట్టే. ఈడీటీఏ పోసి ఒక్క నిమిషం ఉంచండి. ఆ నిమిషమంతా గట్టపర్చా కోన్‌ని (కెనాల్‌ని నింపే రబ్బరు లాంటి పుల్లని) పైకీ కిందకీ ఆడించండి. ఖరీదైన యంత్రాలు ఉన్నా నేను దీన్నే నమ్ముతాను, చేతికి కెనాల్ తెలుస్తుంది. మంచిదే కదా అని పది నిమిషాలు వదిలేయకండి, డెంటినే తినుకుపోతుంది.

తర్వాత చాలామంది శుభ్రత కోసమని మళ్లీ హైపో పోస్తారు. దయచేసి పోయకండి! ఈడీటీఏ ఖనిజాన్ని తీసేశాక డెంటిన్‌లోని కొలాజెన్ అనే ప్రోటీన్ పోగులు బయటపడతాయి. ఎపాక్సీ రెజిన్ సీలర్ ఆ కొలాజెన్‌నే పట్టుకుంటుంది. హైపో దాన్ని కరిగించేస్తుంది, పైగా మెత్తబడ్డ డెంటిన్‌ని ఇంకా కొరుకుతుంది. మెథాక్రిలేట్ రెజిన్ సీలరైతే హైపో వదిలిన ఆక్సిజన్ వల్ల సరిగా గట్టిపడదు కూడా.

క్లోర్‌హెక్సిడిన్ (ఇంకో క్రిమినాశక ద్రవం) వాడాలనుకుంటే మధ్యలో సెలైన్ ధారాళంగా పోయాల్సిందే. హైపోతో కలిస్తే నారింజ, గోధుమ రంగు మడ్డి, ఈడీటీఏతో కలిస్తే తెల్ల మడ్డి. రెండూ డెంటిన్ గొట్టాలకి అడ్డుపడేవే. నేనైతే అసలు వాడను. సెలైన్‌తో ముగిస్తాను, అదీ ఉదారంగా. ఈడీటీఏ కాస్త మిగిలినా క్యాల్షియాన్ని లాగేసుకుంటుంది, బయోసెరామిక్ సీలర్ (క్యాల్షియం సిలికేట్‌తో చేసే, సిమెంటు లాంటి రకం) గట్టిపడటానికి ఆ క్యాల్షియమే కావాలి.

ఆరబెట్టడం సీలర్‌ని బట్టి. ఎపాక్సీకైతే పేపర్ పాయింటు పొడిగా వచ్చేదాకా. బయోసెరామిక్‌కి తడి కావాలి కాబట్టి ఆల్కహాల్‌తో ఎండగట్టకండి, కొసన కాస్త చెమ్మ కనబడితే ఆపేయండి. పాయింటు మీద ఏ రంగూ లేకపోతేనే సీలర్ కలపండి.